కాలనీ పార్కు నిర్వహణ ఎవరికి అప్పగించాలి? ఐదు దారులు, ఒక ఏడాది లెక్క

పార్కు కట్టడానికి డబ్బు ఎలాగో దొరుకుతుంది. కేంద్ర పథకం అమృత్ నిధులు వస్తాయి, ఎమ్మెల్యే కోటా నుంచి కొంత వస్తుంది, ఏదో కంపెనీ ముందుకొస్తుంది, శిలాఫలకం పడుతుంది. రెండో ఎండాకాలానికి లాన్ ఎర్రబడుతుంది, ఉయ్యాల గొలుసు ఒకవైపు తెగి వేలాడుతుంది, మోటారు స్టార్టర్ డబ్బాకి తలుపు ఉండదు. అప్పుడు కాలనీ వాట్సాప్ గ్రూపులో చర్చ మొదలవుతుంది. మున్సిపాలిటీకే వదిలేద్దామా, ఏజెన్సీకి కాంట్రాక్టు ఇమ్మందామా, మనమే తీసుకుందామా, కంపెనీ వాళ్లను అడుగుదామా, టికెట్ పెడదామా?

కాలనీ సంక్షేమ సంఘం వాళ్లకీ, వార్డు సభ్యులకీ, చిన్న పట్టణాల్లో పార్కుల ఫైలు చూసే ఇంజనీర్లకీ ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ ఐదింటిలో ఏ ఒక్కటీ పార్కు మొత్తాన్ని మోయలేదు. బోరు, కరెంటు, పెద్ద చెట్లు, పాతబడిన సామగ్రి మార్పిడి మున్సిపాలిటీ మీదే ఉండాలి. రోజువారీ పని మీద కన్నేసి ఉంచడం మాత్రం కాలనీ చేతిలో ఉండాలి. మధ్యలో మాలీల జీతం ఎవరివ్వాలన్నదే అసలు తేల్చుకోవాల్సిన సంగతి.

## ముందు ఏడాది ఖర్చు కాగితం మీద పెట్టండి

ఒక ఎకరం పార్కు తీసుకుందాం. అంటే 4,047 చదరపు మీటర్లు, గజాల్లో 4,840. అందులో దాదాపు సగం, 2,000 చదరపు మీటర్లు, లాన్. చుట్టూ వాకింగ్ ట్రాక్, పిల్లల ఆట సామగ్రి, ఓపెన్ జిమ్, ఒక బోరు, 20 దీపాలు. ఇద్దరు మాలీలు, ఒక వాచ్‌మన్. కింద వేసిన రేట్లు లెక్క చూపడానికి అనుకున్నవి. మీ ఊరి కూలి, మీ ఊరి ట్యాంకర్ ధర వేసి మార్చుకోండి.

| ఖర్చు | ఎలా వచ్చింది | ఏడాదికి (రూ. లక్షల్లో) |
|---|---|---|
| జీతాలు | ముగ్గురికి నెలకు తలా రూ.15,000, దానిపై యజమాని వాటా ఈపీఎఫ్ 13 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం | 6.28 |
| కరెంటు | 3 హెచ్‌పీ మోటారు రోజుకు 3 గంటలు. 30 వాట్ల దీపాలు 20, రోజుకు 5 గంటలు. నెలకు సుమారు 290 యూనిట్లు, యూనిట్ రూ.8 చొప్పున | 0.28 |
| ఎండాకాలం ట్యాంకర్లు | 5,000 లీటర్లవి రోజుకు 2, ఒక్కోటి రూ.800, 75 రోజులు | 1.20 |
| పశువుల ఎరువు, ఎర్రమట్టి, మొక్కలు, పనిముట్లు | ఏడాదికి ఒక అంచనా | 0.40 |
| చిల్లర మరమ్మతులు | కుళాయిలు, బల్బులు, వెల్డింగ్, మోటారు రిపేరు | 0.60 |
| మార్పిడి నిధి | ఆయుష్షు తీరే వస్తువుల కోసం పక్కన పెట్టేది | 2.00 |
| మొత్తం | | 10.76 |

మార్పిడి నిధి తీసేస్తే 8.76 లక్షలు. చదరపు మీటరుకు నెలకు 18 రూపాయలు పడుతుంది, నిధితో కలిపితే 22. కొన్నిచోట్ల కార్పొరేషన్లు చదరపు మీటరుకు ఇంత అని కాలనీ సంఘాలకు నిర్వహణ సొమ్ము ఇస్తాయి. మీకు చెప్పిన రేటు పక్కన మీరు వేసుకున్న అంకె పెట్టి చూస్తే మిగతాది ఎవరి జేబులోంచి పోతుందో అప్పుడే తెలిసిపోతుంది.

ఈ పట్టికలో మూడు చోట్ల కాసేపు ఆగాలి.

మొదటిది జీతాలు. మొత్తంలో 58 శాతం అక్కడికే పోతుంది. ఎవరైనా సగం ధరకే పార్కు నడుపుతామని వస్తే తగ్గేది ఎరువు కాదు, మనుషులు. ముగ్గురి పేర్లు హాజరు పట్టీలో ఉంటాయి, పార్కులో ఒకడు పైపు పట్టుకుని కనిపిస్తాడు.

రెండోది నీళ్లు. ఏప్రిల్, మే నెలల్లో లాన్‌కు చదరపు మీటరుకు రోజూ 4, 5 లీటర్లు కావాలి. అంటే వెయ్యి చదరపు మీటర్ల గడ్డి రోజుకో ట్యాంకర్ తాగేస్తుంది. బోరు ఎండిన రెండున్నర నెలల్లో ట్యాంకర్లకే లక్షా ఇరవై వేలు. ఇద్దరు మాలీలకు మూడున్నర నెలల పాటు ఇచ్చే జీతం అది. కాబట్టి ఎవరికి అప్పగించాలన్న ప్రశ్నకన్నా ముందు, మనకు ఎంత లాన్ కావాలన్న ప్రశ్న వేసుకోండి. సగం లాన్ తీసేసి కానుగ, వేప నీడలో మట్టి నేల ఉంచితే ట్యాంకర్ల లెక్క 60 వేలకు దిగుతుంది, పిల్లలకూ మట్టి నేలే ఎక్కువ ఇష్టం. కార్పెట్ గడ్డి మీద నడవొద్దని బోర్డు పెట్టి, దానికి రోజుకు పదివేల లీటర్లు పోయడం ఏ పద్ధతో నాకు అర్థం కాదు. లాన్ ఉండాల్సిందే అంటే, దగ్గర్లో మురుగునీటి శుద్ధి కేంద్రం ఉందేమో కనుక్కోండి. అక్కడి శుద్ధి చేసిన నీళ్లు గడ్డికి పనికొస్తాయి, మంచినీళ్లతో పోటీ ఉండదు.

మూడోది మార్పిడి నిధి. దాదాపు ఏ ఎస్టిమేట్‌లోనూ కనిపించని గీత ఇది. ఆట సామగ్రికి 4 లక్షలై, 8 ఏళ్లు నిలుస్తుందనుకుంటే ఏడాదికి 50 వేలు. ఓపెన్ జిమ్ 3 లక్షలు, 6 ఏళ్లు: మరో 50 వేలు. ట్రాక్ 6 లక్షలు, 12 ఏళ్లు: ఇంకో 50 వేలు. మోటారు, పైపులు లక్షన్నర, 5 ఏళ్లు: 30 వేలు. మూడేళ్లకోసారి 60 వేల పెయింటింగ్: 20 వేలు. కలిపితే రెండు లక్షలు. ఈ డబ్బు పక్కన పెట్టకపోతే ఏమవుతుందో చూడాలంటే ఏ పార్కుకైనా వెళ్లి ఉయ్యాల స్తంభం అడుగున చూడండి. పైన కొత్త పెయింట్ మెరుస్తుంటుంది. ఇనుప గొట్టం నేలలోకి దిగే చోట, పైపు నీళ్లు రోజూ తడిపే నాలుగంగుళాల మేర, తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంటుంది. తాళం చెవితో గీకితే రాలుతుంది. ఉయ్యాల ఊగే కొక్కెం కూడా పైభాగంలో అరిగి సగానికి వచ్చి ఉంటుంది. ఈ రెండూ ముందే చూసుకుంటే వెల్డర్‌కి ఒక పూట పని. లేకపోతే పిల్లవాడి చెయ్యి విరిగాక సామగ్రి మొత్తం పీకి పారేస్తారు, ఆ ఖాళీ జాగా అలాగే ఉండిపోతుంది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఎవరు అందంగా చూసుకుంటారన్నది కొలమానం కాదు, మొదటి ఆరు నెలలు అందరూ అందంగానే చూసుకుంటారు. ఏ దారి గురించి మాట్లాడినా ఈ ఐదు ప్రశ్నలు అడగండి.

- ఎండాకాలం నీళ్ల డబ్బు ఎవరిది?
- మోటారు కాలిన రోజు ఎవరికి ఫోన్ చేయాలి, ఎన్ని రోజుల్లో బాగవుతుంది?
- పాతబడిన సామగ్రి మార్చే డబ్బు ఎక్కడ, ఎవరి పేరున జమ అవుతోంది?
- గేటు అందరికీ తెరిచి ఉంటుందా, కొందరికేనా?
- మూడేళ్ల తర్వాత కూడా ఇదే ఏర్పాటు నిలుస్తుందా?

| దారి | ఎండాకాలం నీళ్లు | మరమ్మతు వేగం | మార్పిడి నిధి | అందరికీ ప్రవేశం | మూడేళ్ల తర్వాత |
|---|---|---|---|---|---|
| మున్సిపాలిటీ నేరుగా | బోరు, సొంత ట్యాంకర్లు | నెమ్మది | బడ్జెట్‌లో గీత ఉంటేనే | ఉంటుంది | నిలుస్తుంది |
| ఏజెన్సీ కాంట్రాక్టు | ఒప్పందంలో రాస్తేనే | షరతులను బట్టి | ఉండదు | ఉంటుంది | టెండరు మారుతుంది |
| కాలనీ సంఘం | చందాల మీద భారం | వేగం | అరుదు | జాగ్రత్త పడాలి | మనుషులను బట్టి |
| కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత ఖర్చు) | మొదటి ఏళ్లలో సరే | బాగుంటుంది | ఉండదు | ఉంటుంది | సందేహం |
| ప్రవేశ రుసుము | పెద్ద పార్కులో వస్తుంది | వేగం | సాధ్యమే | రుసుము అడ్డం | జనం వస్తే నిలుస్తుంది |

## మున్సిపాలిటీ నేరుగా చూసుకుంటే

పార్కులు, తోటలు, ఆటస్థలాలు మున్సిపాలిటీల పనుల్లో ఉన్నాయి. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో 12వ అంశం అదే. మా పని కాదని అధికారి అంటే గుర్తు చేయడానికి పనికొచ్చే మాట.

మున్సిపాలిటీ బలం పెద్ద పనుల్లో కనిపిస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను కుదిపేసినప్పుడు నగరంలో ఎక్కడ చూసినా చెట్లు కూలి పడ్డాయి. అలాంటి రోజున కావాల్సిన రంపాలు, క్రేన్లు, లారీలు ఏ కాలనీ సంఘం దగ్గరా ఉండవు. మామూలు రోజుల్లో కూడా పెద్ద చెట్టు కొట్టాలన్నా, కొత్త బోరు వేయాలన్నా వాల్టా చట్టం, అంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, కింద అనుమతి కావాలి. ఆ ఫైలు మున్సిపాలిటీ నడిపితేనే తేలిక. దీపాల కరెంటు విషయమూ అంతే. తెలంగాణ టారిఫ్‌లో పార్కుల దీపాలు వీధి దీపాల కేటగిరీలోకి వస్తాయి. మీటరు సంఘం పేరు మీదకి మారిస్తే కమర్షియల్ కేటగిరీలో పడే ప్రమాదం ఉంది. మీటరు జోలికి పోకండి.

బలహీనత చిన్న పనుల్లో. కుళాయి కారుతోందని చెప్తే వారం, మోటారు కాలిందంటే ఎస్టిమేట్, మంజూరు, వర్కార్డరు, ఈలోగా మొక్కలు పోతాయి. ఒక్క సూపర్‌వైజర్ కింద బోలెడు పార్కులుంటాయి. ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి జీతాలు ఆలస్యమైన నెల పార్కు మొహం చూస్తేనే తెలిసిపోతుంది.

డబ్బు సంగతి. తెలంగాణలో 2019 మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతం హరిత బడ్జెట్‌గా పెట్టమంటుంది, 2018 పంచాయతీరాజ్ చట్టం పంచాయతీలకూ అదే చెప్పింది. ఈ డబ్బు నర్సరీలకీ, కొత్తగా మొక్కలు నాటడానికీ సులువుగా పోతుంది, ఉన్న పార్కుల నిర్వహణకు అడిగేవాళ్లుంటేనే వస్తుంది. అడగాల్సింది కూడా పార్కు పేరు, సర్వే నంబరుతో, జీతాలు, నీళ్లు, మరమ్మతులు విడివిడిగా చూపిస్తూ. ‘పార్కుల అభివృద్ధి’ అన్న ఒక్క గీత కింద అన్నీ కలిపేస్తే ఆ డబ్బు ఏదో ఒక పార్కులో కొత్త ఫౌంటెన్ అవుతుంది. ఇంకో చిక్కు: 15వ ఆర్థిక సంఘం 2021–26కి ఇచ్చిన గ్రాంట్లలో షరతులు లేని భాగాన్ని కూడా జీతాలకు వాడకూడదన్న నిబంధన పెట్టారు. మాలీల జీతం చివరికి ఆస్తిపన్ను లాంటి సొంత ఆదాయంలోంచే రావాలి. పన్ను వసూలు బలహీనంగా ఉన్న పట్టణంలో పార్కులూ బలహీనంగా ఉండటానికి ఇదొక కారణం.

## ఏజెన్సీకి ఏడాది కాంట్రాక్టు

సరిగ్గా రాసుకుంటే ఇది మంచి దారి, రాసుకోవడంలోనే ఉంది తిప్పలంతా. తక్కువకు కోట్ చేసినవాడికి పని ఇస్తారు. జీతాలే 58 శాతం ఉన్న పనిలో అంచనాకన్నా బాగా తక్కువకు వేశాడంటే మనుషుల దగ్గరే కోత పెట్టాలి. అందుకే టెండరులో జీతాలు, పీఎఫ్, ఈఎస్‌ఐ మొత్తాన్ని స్థిరంగా ఉంచి, మిగతా ఖర్చు, ఏజెన్సీ లాభం మీద మాత్రమే పోటీ పెట్టమని అడగండి.

ఒక్క ఎకరం పార్కుకి ఏ మంచి ఏజెన్సీ రాదు. వార్డులోనో పక్క వార్డుల్లోనో ఉన్న ఎనిమిది, పది పార్కులు కలిపి ఒక ప్యాకేజీ చేస్తే ఒక మోటారు మెకానిక్‌నీ, ఒక వెల్డర్‌నీ పూర్తికాలం పెట్టుకునే వీలుంటుంది. రోజూ మోటారు దగ్గర ఏదో ఒకటి జరిగే చోట ఆ మెకానిక్ విలువ ఎంతో చెప్పనక్కర్లేదు.

జీఎస్టీ దగ్గర కూడా కొంచెం ఆలోచించాలి. మున్సిపాలిటీకి పార్కుల నిర్వహణ కోసం సరుకు కలపకుండా ఇచ్చే సేవలకు మినహాయింపు ఉంది, సరుకు విలువ 25 శాతం మించని కలగలుపు సేవలకూ ఉంది. నిర్మాణ పనుల కాంట్రాక్టయితే 18 శాతం పడుతుంది. మాలీల పని, ప్రహరీ గోడ మరమ్మతు ఒకే టెండరులో కలిపేస్తే మొత్తం బిల్లు మీద పన్ను పడే అవకాశముంది. రెండూ విడదీసి పెట్టమనండి, అకౌంట్స్ విభాగం ఒప్పుకుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం, కాంట్రాక్టు ఏడాది ఎప్పుడు మొదలవుతుందన్నది. ఆర్థిక సంవత్సరంతో పాటు మార్చి 31న ముగిసేలా రాస్తారు. కొత్త టెండరు తేలేసరికి జూన్ వస్తుంది. మధ్యలో ఏప్రిల్, మే. పాత ఏజెన్సీకి పొడిగింపు వచ్చిందో లేదో తెలియదు, నీళ్లు పెట్టే మనిషికి జీతం వస్తుందో రాదో తెలియదు, పైన 42 డిగ్రీలు. పదేళ్ల లాన్ పోవడానికి ఆ రెండు నెలలు చాలు. కాంట్రాక్టును జూలై నుంచి జూన్ వరకు పెడితే ఖర్చు పైసా పెరగదు, ఎండాకాలమంతా ఒకే మనిషి బాధ్యత కింద ఉంటుంది.

## కాలనీ సంఘం తీసుకుంటే

చాలా మంచి పార్కుల వెనక ఒక రిటైర్డ్ ఉద్యోగి ఉంటాడు. ఉదయం ఐదున్నరకి వాకింగ్‌కి వస్తాడు, గడ్డి మీద చెప్పులతో తిరిగేవాణ్ణి కేకేస్తాడు, మాలీకి టీ తెప్పిస్తాడు, ఎలక్ట్రీషియన్ నంబరు ఆయన ఫోన్‌లో ఉంటుంది. సంఘం బలం అంతా ఆయనే. ఆయన అమెరికాలో కొడుకు దగ్గరికి ఆరు నెలలు వెళ్లినప్పుడు సంఘం బలహీనత కూడా ఆయనే అవుతాడు.

డబ్బు లెక్క చూద్దాం. మన ఎకరం పార్కుని 200 ఇళ్ల కాలనీ మొత్తంగా మోయాలంటే ఇంటికి నెలకు 365 రూపాయలు, మార్పిడి నిధితో కలిపితే 448. అపార్ట్‌మెంటులో మెయింటెనెన్స్ కట్టకపోతే వసూలుకి పద్ధతులున్నాయి. విడివిడి ఇళ్ల కాలనీలో చందా ఇష్టపూర్వకం. మొదటి ఏడాది 160 ఇళ్లు ఇచ్చినా రెండో ఏడాది 110కి దిగితే ఆశ్చర్యం లేదు. ‘ఆస్తిపన్ను కడుతున్నాం కదా, మళ్లీ ఇదేంటి’ అని అడిగేవాళ్ల ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కాబట్టి మున్సిపాలిటీ జీతాలో, నీళ్లో ఏదో ఒక పెద్ద భాగం మోయకుండా సంఘం మొత్తం తీసుకోవడం తెలివైన పని కాదు.

తీసుకునేటట్టయితే సంఘం 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉండాలి, మున్సిపాలిటీతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో నడవాలి, నెల ఖర్చు గేటు పక్కన బోర్డు మీద రాయాలి. మాలీకి సంఘమే జీతం ఇస్తుంటే అతనికి చిన్న ప్రమాద బీమా చేయించండి. గడ్డి కోసే యంత్రం దగ్గర వేళ్లు తెగిన కేసులు కొత్తేం కాదు. ఇక గేటుకి తాళం, సభ్యులకే తాళం చెవి అనే ఆలోచన కొందరికి వస్తుంది. అనుమతి పొందిన లేఅవుట్‌లో పార్కు స్థలం స్థానిక సంస్థకు చెందిన ప్రజల ఆస్తి. పక్క బస్తీ పిల్లలకూ అది పార్కే. సాయంత్రం ఆ పిల్లలు ఉయ్యాల ఎక్కువసేపు ఊగుతారన్నదే మీ బాధైతే, ఇంకో ఉయ్యాల పెట్టించండి.

స్థలం విషయంలో మాత్రం సంఘాన్ని మించిన కాపలా లేదు. పార్కు అని లేఅవుట్‌లో ఉన్న జాగాలు కబ్జా కావడం పాత కథే, హైదరాబాద్‌లో 2024లో ఏర్పడిన హైడ్రా (ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు చూసే సంస్థ) దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో పార్కు స్థలాలవీ ఉంటాయి. అనుమతి పొందిన లేఅవుట్ నకలు సంఘం బీరువాలో ఉండాలి, ఆఫీసు బేరర్లు మారినప్పుడు రశీదు పుస్తకంతో పాటు అది కూడా చేతులు మారాలి.

ఇదే దారిలో ఇంకో రకం, పని మహిళా పొదుపు సంఘాలకు ఇవ్వడం. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ద్వారా ఒప్పందం చేసుకుంటే జీతం నేరుగా సభ్యుల ఖాతాలో పడుతుంది, మధ్యలో ఏజెన్సీ లాభం ఉండదు. కలుపు తీయడం, పాదులు చేయడం, ఊడవడం, నీళ్లు పెట్టడం బ్రహ్మాండంగా సాగుతాయి. మోటారు, కరెంటు, వెల్డింగ్ పనులకు మాత్రం మున్సిపాలిటీ మెకానిక్ తోడుండాలి. చిన్న పట్టణాలకు నేను మొదట చెప్పే దారి ఇదే.

## కంపెనీ దత్తత

ఏదైనా ఐటీ కంపెనీనో ఫార్మా కంపెనీనో పట్టుకుంటే సరి అనుకునేవాళ్లు నాలుగు నిబంధనలు చదవాలి. అవి చదివితే సగం ఆశలు సర్దుకుంటాయి.

కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద అర్హత ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి ఖర్చు పెట్టాలి, పర్యావరణం ఆ జాబితాలో ఉంది. సరే. కానీ కొనసాగే ప్రాజెక్టుకు గరిష్ఠ గడువు, మొదలుపెట్టిన ఏడాది కాక మూడేళ్లు. ఆ తర్వాత మళ్లీ కొత్తగా అడుక్కోవాలి. రెండోది, 2021 జనవరి నుంచి ఏ సంస్థ మూలనిధికి ఇచ్చినా అది సీఎస్ఆర్ కింద చెల్లదు. అంటే 20 లక్షలు తీసుకుని డిపాజిట్ చేసి వడ్డీతో పార్కు నడుపుకుందామన్న ఆలోచన ఈ డబ్బుతో కుదరదు. మూడోది, సంఘం చేతికి డబ్బు రావాలంటే సీఎస్ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి, ఆదాయపన్ను కింద 12ఏ, 80జీ నమోదులు (1961 చట్టం సెక్షన్లు, ధర్మసంస్థలకు పన్ను మినహాయింపు ఇచ్చేవి) కావాలి. మామూలు కాలనీ సంఘానికి ఇవేవీ ఉండవు, ఒప్పందం మున్సిపాలిటీతోనో నమోదైన ట్రస్టుతోనో జరగాలి. నాలుగోది, తమ సరుకు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కాదు. గేటు మీద నిలువెత్తు లోగో అడిగే కంపెనీ తన ప్రకటనల ఖర్చులోంచి ఇవ్వాలి. అలా ఇస్తే మంచిదే, ఆ డబ్బుకి సీఎస్ఆర్ గడువులూ వర్తించవు. ఫ్లెక్సీ పెట్టే చోటూ, కొలతా ముందే రాసుకోండి.

కంపెనీ డబ్బుని మాలీల జీతానికి కాకుండా ఒకేసారి అయ్యే పనులకు అడగండి. డ్రిప్ లైను, ట్రాక్ మరమ్మతు, ఆట సామగ్రి మార్పిడి, ఇంకుడు గుంత. అవి మూడేళ్ల తర్వాత కంపెనీ వెళ్లిపోయినా మిగులుతాయి. సీఎస్ఆర్‌తో కట్టిన ఆస్తి మున్సిపాలిటీ పేరున నమోదు చేయించండి, లేకపోతే తర్వాత దాన్ని రిపేరు చేయడానికి బడ్జెట్ దొరకదు.

## ప్రవేశ రుసుము

హైదరాబాద్ కేబీఆర్ పార్కు 1998 నుంచి జాతీయ పార్కు, అటవీ శాఖ చూస్తుంది. అక్కడ టికెట్టూ, వాకర్ల పాసులూ నడుస్తాయి. హుస్సేన్‌సాగర్ ఒడ్డున లుంబినీ పార్కు కూడా అంతే, ఊరంతా వస్తుంది. కాలనీ పార్కుకి ఇది కుదరదని చెప్పడానికి ఒక చిన్న లెక్క చాలు. నెలకు మన ఖర్చు 73 వేలు. టికెట్ ఇచ్చే మనిషికి ఇంకో 17 వేల పైన. పది రూపాయల టికెట్ మీద రోజూ 300 మంది కొనాలి, వానాకాలంతో సహా. అంతమంది వచ్చే ఎకరం పార్కులో గడ్డి మొలవదు. వాకర్లకు నెల పాసు, మధ్యాహ్నం పిల్లలకు ఉచితం లాంటి ఏర్పాట్లు 20, 30 ఎకరాలు దాటిన పార్కుల్లో ఆలోచించండి.

## మీ పరిస్థితి ఏది?

చందా వసూలు బాగా జరిగే, రిటైర్డ్ ఉద్యోగులు ఎక్కువగా ఉన్న కాలనీ మీదైతే సంఘం దారి పట్టండి, కానీ మున్సిపాలిటీ నుంచి కనీసం మాలీల జీతం, బోరు, కరెంటు రాయించుకోండి. చిల్లర మరమ్మతుల 60 వేలు, ఎరువుల 40 వేలు సంఘం పెట్టుకుంటే ఇంటికి నెలకు 42 రూపాయలే. ఆ చందా ఎవరూ కాదనరు. మోటారు కాలిన రోజు ఫైలు కోసం ఆగక్కర్లేదు.

అద్దె ఇళ్లు ఎక్కువగా ఉన్న కాలనీలో చందా మీద ఆశ పెట్టుకోవద్దు. అక్కడ ప్యాకేజీ కాంట్రాక్టే నయం, సంఘం పని హాజరు చూడటం వరకే.

చిన్న మున్సిపాలిటీలో ఐదారు పార్కులుంటే పొదుపు సంఘాలకు ఇచ్చి, ఒక మెకానిక్‌ని మున్సిపాలిటీయే పెట్టుకోవడం అన్నిటికన్నా చవక. గ్రామ పంచాయతీల్లో 2020లో మొదలైన పల్లె ప్రకృతి వనాల్లాంటి చోట్ల లాన్ ఉండదు, నడక దారి, చెట్లే. మొదటి మూడు ఎండాకాలాలు నీళ్లు పోస్తే తర్వాత చెట్లు తమ బతుకు తాము బతుకుతాయి. వాటికి ఇంత పెద్ద లెక్కలు అక్కర్లేదు.

బోరు ఎండిపోయే ప్రాంతంలో ఎవరికి ఇచ్చినా కష్టమే. ముందు లాన్ తగ్గించి ఆ తర్వాత ఒప్పందం గురించి మాట్లాడండి.

## ఒప్పందంలో తప్పక ఉండాల్సినవి

ఎవరితో రాసుకున్నా కాగితం మీద ‘పార్కును పరిశుభ్రంగా, అందంగా ఉంచవలెను’ అన్న వాక్యం కొట్టేసి దాని బదులు కొలవగలిగేవి రాయండి. గడ్డి రెండంగుళాలు దాటకుండా కోయాలి. ఎండిన మొక్క 15 రోజుల్లో మార్చాలి. దీపం పోతే 48 గంటలు. ఉయ్యాల చెడితే అదే రోజు తాడు కట్టి ఆపేయాలి, వారంలో బాగుచేయాలి. మోటారు 3 రోజుల్లో బాగుకాకపోతే ట్యాంకర్ ఖర్చు నిర్వాహకుడిదే. ప్రతి తప్పుకీ బిల్లులో ఎంత కోతో పక్కనే రాయాలి. కోత అంకె మరీ పెద్దగా పెట్టకండి, అలా పెడితే ఏ ఇంజనీరూ దాన్ని అమలు చేయడు.

హాజరు ఫోటో పంపితే చాలదు. పొద్దున ఏడింటికి చీపురు పట్టుకుని ఫోటో దిగి ఏడున్నరకి ఇంకో పార్కులో ఫోటో దిగే మనుషులున్నారు. నెలకోసారి సంఘం నుంచి ఇద్దరు, మున్సిపాలిటీ నుంచి ఒకరు కలిసి పార్కులో తిరిగి ఒక పేజీ రాసి సంతకాలు పెట్టాలి, ఆ పేజీ లేకుండా బిల్లు కదలకూడదు.

అప్పగింత రోజు ఉన్న వస్తువుల జాబితా ఫోటోలతో సహా తయారు చేయండి. మోటారు హెచ్‌పీ, కంపెనీ, బోరు లోతు, పైపు అంగుళాలు, దీపాల సంఖ్య, ఆట సామగ్రి కొన్న ఏడాది. మున్సిపాలిటీ వచ్చే ఏడాది బడ్జెట్ తయారీ డిసెంబర్, జనవరిల్లో మొదలవుతుంది. ఈ జాబితా, పైన వేసుకున్న ఏడాది లెక్క జతచేసి నవంబర్ చివరికల్లా కమిషనర్‌కి అర్జీ ఇచ్చి, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి.